పడవ చుట్టూ తుంపర్లు

తన తెలివి ఎవరికీ కనబడటం లేదని భానోజీకి ఒళ్లు మండిపోయింది.

విశాఖ పాతనగరంలో, చేపల రేవుకు పోయే దారిలో, వలలూ మోకులూ అమ్మే దుకాణం పైన ఒక పొడుగాటి గది ఉంది. పరాంకుశం నరహరి మాస్టారు అక్కడ కంపెనీలకు లోగోలు గీస్తారు, గీయడం నేర్పుతారు. ఆయన దగ్గర చేరినవాళ్లకు మొదట చాలాకాలం గీతలే పని. ఆ తర్వాత చుక్కలు. చుక్కల బొమ్మ ఏదైనా సరే, ముందు చింతపిక్కలతో నేలమీద పేర్చాలి. దాని చుట్టూ తిరిగి చూడాలి. కాగితం సంగతి ఆ తర్వాతే. కంప్యూటరు ముందు ఎప్పుడు కూర్చోనిస్తారని అడిగినవాళ్లు చాలామంది, అడిగిన వారంలోనే వెళ్లిపోయేవారు. భానోజీ మాత్రం పట్టుదలగా ఉండిపోయాడు.

అతనికి లోగోల పిచ్చి. మామూలు పిచ్చి కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల లోగోల్లో గీసినవాళ్లు ఏవో దాచిపెడతారని తెలిసిన రోజునుంచీ అతను దారిన తిన్నగా నడవడం మానేశాడు. బోర్డు కనబడితే ఆగిపోయేవాడు. ఒకదాంట్లో ఆకు మధ్య ఈనె అనుకున్నది తీరా చూస్తే ప్రోగ్రాం రాసేవాళ్లు వాడే బ్రాకెట్టు. ఇంకోదాంట్లో పక్షి కన్ను కరెంటు స్విచ్చు గుర్తు. కనిపెట్టినప్పుడల్లా పక్కనున్నవాళ్ల చొక్కా పట్టుకుని మరీ చూపించేవాడు. వాళ్లు బస్సు పోతుందని మొత్తుకున్నా వదిలేవాడు కాదు.

అలాంటివాడికి తొలిసారి సొంతంగా గీసే అవకాశం వచ్చింది. నావ సిస్టమ్స్ అని, సముద్రంలో ఉన్న పడవలకు వాతావరణ సందేశాలు పంపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ. కొత్త లోగో కావాలని వాళ్లే అతన్ని పిలిచారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, భానోజీ తిండీ నిద్రా మరిచి కూర్చుని గీశాడు. ఎనిమిది నిలువు గీతలు. కొన్ని పొట్టి, కొన్ని పొడుగు. దూరంనుంచి చూస్తే కెరటాలు. కానీ పొడుగును ఒకటిగా, పొట్టిని సున్నాగా చదివితే, అది కంప్యూటరు లోపల ఇంగ్లీషు 'ఎన్' అక్షరం. నావ అన్న పేరులో మొదటి అక్షరం. ఆ ఉపాయం తట్టిన రోజున తనలో తనే నవ్వుకుంటూ రేవుదాకా నడిచి వెళ్లొచ్చాడు.

కంపెనీలో ఆ రహస్యాన్ని విప్పి చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "ఓహో" అన్నారు. కాఫీ తెప్పించారు. నీలం రంగు కాస్త ముదురుగా ఉంటే బాగుంటుందేమో అన్నారు. చివరికి అసలు మాట అన్నారు. "ఆ ఆఖరి గీత పొట్టిగా ఉంది, బొమ్మ ఒకవైపు కుంగినట్టుంది. దాన్ని కూడా పొడుగు చేసి రేపు పొద్దున్నే తెచ్చేయండి, ఖాయం చేసేద్దాం."

మెట్లెక్కి గదిలోకి వచ్చేసరికి భానోజీ మొహం మాడిన అట్టులా ఉంది. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

"ఏటిరా, మొహం అలాగుంది?"

"ఆ గీత పొడుగు చేస్తే ఎన్ కాస్తా ఓ అయిపోతుందండి మాస్టారూ! కంపెనీ పేరే మారిపోయినట్టు. చెప్పాను. ఎవడు చూస్తాడయ్యా అన్నారు."

"ఏటంటావు మరి?"

"లోగో కింద ఒక వాక్యం అచ్చు వెయ్యమంటాను. ఇందులో ఇది దాగుందని, గీసింది ఫలానా అని. వెయ్యకపోతే రేపు వెళ్లి, ఇవ్వనని మొహమ్మీదే చెప్పేసి వచ్చేస్తాను." మొదటి లోగో. వదులుకోవాలంటే ప్రాణం పోతున్నట్టుంది. ఇవ్వాలంటే అభిమానం అడ్డొస్తోంది. "ఎవరికీ కనబడని తెలివి ఎందుకండి మాస్టారూ? దాచింది ఎవరూ చూడకపోతే, దాచినట్టా, పారేసినట్టా?"

మాస్టారు గ్లాసు పక్కన పెట్టి, "వాళ్ల పాత లోగో ఏటయింది?" అన్నారు.

"దానివల్లే కదండీ ఈ గొడవంతా." భానోజీ సంచిలోంచి రెండు కాగితాలు తీసి చాప మీద పరిచాడు.

గొడవ ఇది. కంపెనీని మొదలుపెట్టింది ఇద్దరు. విశాఖలో ఉండే కొండలరావు గారు, కాకినాడలో ఉండే సుభాషిణి గారు. ఒకే కాలేజీలో చదువు చెప్పి, ఒకే గదిలో ఒకే కంప్యూటరు పెట్టుకుని మొదలుపెట్టారు. కంపెనీ పెరిగి రెండు ఊళ్లలో రెండు ఆఫీసులయింది. లోగో మాత్రం అదే: చుక్కలతో తెరచాప పడవ, దాని కుడిపక్కనా కిందా విడివిడిగా కొన్ని చుక్కలు, నీటి తుంపర్లలా. ఊళ్లో దాన్ని కొరికేసిన మొక్కజొన్న పొత్తు అనేవారు. ఎంతో కాలానికి, రెండు ఆఫీసులూ కలిపి వేడుక చేద్దామని రెండు లోగోలూ పక్కపక్కన పెడితే ఒకలా లేవు.

విశాఖ పడవకు తెరచాప కొయ్య కొసన ఒక చుక్క ఉంది. కాకినాడ పడవకు లేదు. కాకినాడ పడవకు కుడిపక్క తుంపర్ల మధ్య ఒకచోట ఖాళీ ఉంది. విశాఖ దాంట్లో ఆ ఖాళీ లేదు, అక్కడ చుక్కే ఉంది. కాకినాడవాళ్లు కొయ్య నరికేశారని ఈయన, విశాఖవాళ్లు ఖాళీ పూడ్చేశారని ఆవిడ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మొదటి బొమ్మ ఏ తుఫానులో తడిసిపోయిందో ఎవరికీ తెలీదు. మాట మాట పెరిగి, పాత సంగతులు కూడా బయటికొచ్చి, ఇద్దరూ పనికి తప్ప పలకరించుకోవడం మానేశారు. ఆఖరికి ఆ పడవే వద్దు, కొత్తది గీయిద్దాం అనుకున్నారు. ఆ ఒక్క విషయంలోనే ఇద్దరి మాటా కలిసింది.

"ఏ చెయ్యి తిరగనివాడు గీశాడో గానీ," అన్నాడు భానోజీ, "తుంపర్లు చూడండి మాస్టారూ. ఒక వరుసలో ఉంటాయి, ఒక వరుసలో ఉండవు. ఓ పద్ధతా పాడా. ఇందులో దాచింది కూడా ఏమీ లేదు, పడవంటే పడవే."

మాస్టారు రెండు కాగితాలనూ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత సుద్దముక్క తీసుకుని నేలమీద గడులు గీశారు, అడ్డం ఆరు, నిలువు ఆరు. చింతపిక్కల డబ్బా భానోజీ ముందుకు తోశారు.

"కుడివైపు ఒక వరుసా, కింద ఒక వరుసా ఒదిలెయ్. మిగతా గడుల్లో నీకు నచ్చినట్టు పిక్కలు పెట్టు. కొన్ని ఖాళీగా ఉండనీ."

తన బాధ ఏమిటి, ఈ ఆట ఏమిటి అనుకున్నాడు భానోజీ. కానీ మాస్టారి మాట. ఎలా పడితే అలా పిక్కలు వేశాడు. మాస్టారు వంగి, వదిలేసిన కుడివరుసలోనూ కింది వరుసలోనూ తనూ కొన్ని పెట్టారు. కొన్ని గడులు ఖాళీగా వదిలారు. ఆ పెట్టడంలోనూ ఓ పద్ధతి కనబడలేదు భానోజీకి.

"నేను గోడవైపు తిరుగుతాను. ఒక పిక్క తియ్యి. లేదా ఖాళీ గడిలో ఒకటి పెట్టు. ఒక్కటే సుమా."

భానోజీ నడుమన ఉన్న ఒక పిక్క తీసి జేబులో వేసుకున్నాడు. మాస్టారు ఇటు తిరిగారు. నేలవైపు ఒకసారి చూశారు. డబ్బాలోంచి పిక్క తీసి సరిగ్గా అదే గడిలో పెట్టారు.

"ఇంకోసారి," అన్నాడు భానోజీ.

ఈసారి ఓ మూల ఖాళీ గడిలో పిక్క చేర్చాడు. మాస్టారు తిరిగి, దాన్ని రెండు వేళ్లతో ఎత్తి డబ్బాలో పడేశారు.

భానోజీకి అనుమానం వచ్చింది. లేచి చుట్టూ చూశాడు. గోడకున్న అద్దంలో నేల కనబడుతోందేమోనని దానిమీద తువ్వాలు కప్పాడు. కిటికీ రెక్క కూడా మూశాడు. మాస్టారు ఇదంతా చూస్తూ మీసాల్లో నవ్వుకున్నారు. గోడవైపు తిరిగారు.

ఈసారి భానోజీ దేన్నీ ముట్టుకోలేదు. పిక్కల డబ్బా మాత్రం గలగలమనిపించి, "అయిందండి," అన్నాడు.

మాస్టారు తిరిగారు. చూశారు. వేళ్లు చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు.

"ఏదీ ముట్టుకోలేదు కదరా?"

భానోజీ తువ్వాలు కప్పిన అద్దంవైపు మళ్లీ చూశాడు. నిజం చెప్పాలంటే కాస్త భయం కూడా వేసింది. "ఎలా తెలిసిందండి మీకు?"

"నన్నడుగుతావేటి? చెప్పింది నేను కాదు. వాటినే అడుగు." మాస్టారు మోకాళ్లమీద చేతులు ఆన్చి లేచి, గ్లాసు కడుక్కోవడానికి వెనక వరండాలోకి వెళ్లిపోయారు. ఎంతకూ తిరిగి రాలేదు.

భానోజీ పిక్కల ముందు కూర్చున్నాడు. కింద దుకాణంలో ఎవరో మోకు బేరం చేస్తున్నారు. చేపల వాసనా, ఎండా, కాకుల గోలా అన్నీ మామూలుగానే ఉన్నాయి. తన ముందున్న పిక్కలు మాత్రం మామూలువి కావు, వాటికి ఏదో తెలుసు. ఆ మూలనుంచి ఈ మూలకు చూశాడు. బొమ్మేమైనా ఉందా అని చుట్టూ తిరిగి చూశాడు. లేదు. ఒక పిక్క తీశాడు, మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. తీసినప్పుడు ఏం మారుతోంది?

లెక్క మారుతోంది.

తీసిన పిక్క ఉన్న అడ్డు వరుసను లెక్కపెట్టాడు. బేసి. దాని నిలువు వరుసను లెక్కపెట్టాడు. అదీ బేసి. గబగబా మిగతావన్నీ లెక్కపెట్టాడు. అన్నీ సరి. పిక్కను తిరిగి పెట్టాడు. ఇప్పుడు ఏ వరుస చూసినా సరే, అడ్డంగా చూసినా, నిలువుగా చూసినా. మాస్టారు చివరన పెట్టిన పిక్కలు అలంకారం కాదు. ప్రతి వరుసా సరిసంఖ్య అయ్యేలా, కావలసినచోట ఒకటి చేర్చారు, అక్కర్లేనిచోట ఖాళీ వదిలారు. అంతే. ఇక ఎవరు ఏ ఒక్క గడిని మార్చినా ఒక అడ్డు వరుసా, ఒక నిలువు వరుసా బేసిగా మారతాయి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడే తప్పు. దొంగ దొరికిపోయినట్టే.

ఇంత చిన్న సంగతా అని నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. అతని చూపు చాపమీదున్న కాగితాలమీద పడింది.

పడవకు కుడిపక్కన తుంపర్లు. పడవకు కింద తుంపర్లు. ఒక వరుసలో ఉన్నాయి, ఒక వరుసలో లేవు.

నేలమీది పిక్కలన్నీ ఊడ్చేసి, విశాఖ పడవను పేర్చాడు. పైనుంచి అడ్డంగా లెక్కపెట్టాడు. కొయ్య కొస ఉన్న వరుస, రెండు, సరి. తెరచాప వరుస, మూడు. బేసి! దాని కింద అన్నీ సరి. నిలువుగా లెక్కపెట్టాడు. అన్నీ సరి, కుడిచివర తుంపర్ల వరుస తప్ప. అక్కడ ఐదు. ఆ రెండు వరుసలూ కలిసేచోట వేలు పెట్టాడు. అది సరిగ్గా, విశాఖవాళ్లు పూడ్చేశారని సుభాషిణి గారు అంటున్న గడి.

ఆ పిక్క తీసి పక్కన పెట్టాడు.

దాని పక్కనే గడులు గీసి కాకినాడ పడవను పేర్చాడు. ఇందులో తెరచాప వరుస సరిగానే ఉంది. పై వరుసలో ఒకే ఒక్క తుంపర, బేసి. నిలువుగా చూస్తే కొయ్య ఉన్న వరుస బేసి. రెండూ కలిసేది కొయ్య కొసన. కాకినాడవాళ్లు నరికేశారని కొండలరావు గారు అంటున్నది అదే. అక్కడ ఒక పిక్క పెట్టాడు.

వెనక్కి జరిగి చూశాడు.

నేలమీద రెండు పడవలు. అచ్చం ఒకటే పడవ. విశాఖదీ కాదు, కాకినాడదీ కాదు, ఇద్దరి దగ్గరా లేనిది. ఇన్నేళ్లు ఎవరెవరి చేతుల్లోనో పడి, ఏ అచ్చువాడో అందానికి పూడ్చి, మరో అచ్చువాడు అంచు చాలక కోసేసి, చెరో రకంగా చెడిపోయి కూడా, అది తనను తాను గుర్తుపెట్టుకుని ఉంది. అడిగేవాళ్లు లేక ఊరుకుంది గానీ, అడిగితే చెప్పడానికి అప్పటినుంచీ సిద్ధంగానే ఉంది.

భానోజీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో అతనికే తెలియలేదు. గుడిలో కూడా అతనికెప్పుడూ అలా కాలేదు.

మాస్టారు తుడుచుకున్న గ్లాసుతో లోపలికి వచ్చి, నేలవైపు చూసి, "బావుంది," అన్నారు.

"ఇది గీసింది..." భానోజీ చాపమీది కాగితాలవైపు చూశాడు. "ఇది మీరు గీసిందేనా మాస్టారూ?"

"గీసే ఉంటాను. చుక్కల వరుసలు చూస్తే నా పనిలాగే ఉంది. పడవ ఎలా ఉండేదో మాత్రం గుర్తులేదురా."

"నేను ఇందాక చెయ్యి తిరగనివాడు అని..."

"తిరగని రోజుల్లోనే గీసుంటాను." మాస్టారు గ్లాసు బోర్లించి, అద్దం మీద తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. "రేపు పొద్దున్న వాళ్లు ఎదురుచూస్తారు. నీ గీతల కాగితం మరిచిపోకు."

పడవ తీసుకెళ్లమని అనలేదు. వద్దనీ అనలేదు. ఆ సాయంత్రమంతా భానోజీ తన ఎనిమిది గీతల కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ఆఖరి గీతను పెన్సిలుతో పొడుగు చేశాడు. ఎన్ పోయి ఓ అయింది. కాగితంలో మరేమీ మారలేదు. ఏ గీతా బాధపడలేదు, ఏ గీతా పోయినదాన్ని అడగలేదు. అతను రబ్బరుతో చెరిపేసి, కొత్త కాగితం తీసుకుని పడవ గీయడం మొదలుపెట్టాడు.

పొద్దున్న కంపెనీ ఆఫీసులో బల్లకు ఈ చివర కొండలరావు గారు, ఆ చివర సుభాషిణి గారు. ఆవిడ రైలు దిగి నేరుగా వచ్చినట్టున్నారు, సంచి కుర్చీ పక్కనే ఉంది. ఇద్దరి మధ్యా నాలుగు కుర్చీలు ఖాళీ.

"రావయ్యా. గీత పొడుగు చేశావా?" అన్నారు కొండలరావు గారు.

భానోజీ కాగితం విప్పి బల్ల నడుమ పెట్టాడు.

పడవను చూడగానే ఆయన మొహం ముడుచుకుంది. "ఇదేంటి? మళ్లీ ఇదే! దీన్ని వదిలించుకోడానికేగా నిన్ను పిలిచింది?"

"కొయ్య కొస ఉందేంటండీ ఇందులో," అన్నారు సుభాషిణి గారు. "మా దాంట్లో లేదు."

"ఖాళీ కూడా ఉంది. మా దాంట్లో లేదు," అన్నారాయన. "రెంటినీ కలిపి పంచాయితీ తీర్పు చెప్పావా?"

"కాదండి. మొదటిది ఇదేనండి."

"ఎవరు చెప్పారు నీకు?"

ఇక్కడ, నిన్నటి భానోజీ అయితే చొక్కా చేతులు పైకి మడిచి, బల్ల ఎక్కినంత పనిచేసి, సరి అంటే ఏమిటో బేసి అంటే ఏమిటో పాఠం చెప్పి ఉండేవాడు. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాడు.

"పడవే చెప్పిందండి. తుంపర్లతో కలిపి అడగాలి," అన్నాడు.

కొండలరావు గారు విసుగ్గా కుర్చీ వెనక్కి జరిపారు. సుభాషిణి గారు మాత్రం జరగలేదు. కళ్లజోడు సవరించుకుని కాగితం దగ్గరకు లాక్కున్నారు. ఆవిడ వేలు పై వరుస మీద ఆగింది. పెదవులు కదిలాయి. తర్వాతి వరుస. తర్వాతిది. ఆవిడ వేలు కదిలే వేగం తగ్గిపోయింది. అడుగుదాకా వచ్చి, మళ్లీ ఎడమనుంచి మొదలుపెట్టి, నిలువుగా దిగుతూ లెక్కపెట్టారు. చివరి వరుస దగ్గర వేలు అలాగే నిలిచిపోయింది.

"కొండలరావు గారూ," అన్నారు. "సరి అండి."

"ఏంటి సరి?"

"అన్నీ. అన్నీ సరేనండి. అడ్డంగానూ, నిలువుగానూ. ఇటు రండి, మీరే చూడండి!"

ఆయన లేచారు. ఖాళీ కుర్చీలన్నీ దాటుకుని వచ్చి ఆవిడ పక్కన వంగారు. ఆవిడ అడ్డంగా చూపించారు. ఆయన నిలువుగా లెక్కపెట్టుకున్నారు. ఒకరి వేలికి ఒకరి వేలు అడ్డం వచ్చింది. ఆయన అలాగే ఆవిడ పక్క కుర్చీలో కూలబడ్డారు.

ఇద్దరూ మళ్లీ మొదటినుంచీ లెక్కపెట్టారు.

"మన మొదటి ప్రోగ్రాం," అన్నారాయన మెల్లగా.

తర్వాత భానోజీవైపు తిరిగి, అతనికి చెబుతున్నట్టుగా, నిజానికి తనకు తానే చెప్పుకున్నారు. "అప్పట్లో పడవలకు వైర్‌లెస్‌లో సందేశం పంపితే, గాలీ ఉరుమూ కలిసి మధ్యలో ఒక అక్షరం చెడిపోయేది బాబూ. ఉత్తరం గాలి కాస్తా దక్షిణం గాలి అయ్యేది. ఒక పడవ అలాగే తుఫానుకు ఎదురెళ్లింది. మనుషులు ఈదుకుంటూ వచ్చారు, అదృష్టం. అప్పుడు ఈవిడ కూర్చుని రాశారు. ప్రతి సందేశం చివరా కొన్ని అదనపు గుర్తులు. వరుసలన్నీ సరి కావాలి. బేసి వచ్చిందంటే చెడిందని తెలుస్తుంది, ఎక్కడ చెడిందో కూడా తెలుస్తుంది. దిద్దుకోవచ్చు."

"మీరు కూడా రాశారు. నేను ఒక్కర్తినే కాదు," అన్నారు సుభాషిణి గారు. ఆవిడ ఏడుస్తున్నారు, దాచుకోవడం కూడా లేదు. "మన గుమ్మం మీదే ఉందండి ఇన్నేళ్లూ. రోజూ దానికిందనించే లోపలికెళ్లాం. మీరు ఖాళీ పూడ్చారని నేనూ, నేను కొయ్య నరికానని మీరూ... ఛ!"

"ఇద్దరం నిజమే చెప్పాం," అన్నారు కొండలరావు గారు. "ఎదుటివాళ్ల గురించి." ఆయన నవ్వబోయారు గానీ పూర్తికాలేదు.

"ప్రెస్సు తరఫున ఒకతను వచ్చాడు, గుర్తుందా?" అన్నారు సుభాషిణి గారు. "బోర్డు ఎలా ఉండాలని అడగలేదు. మీరేం చేస్తారు అని అడిగాడు. మధ్యాహ్నమంతా మన మిషను దగ్గర బల్లమీద కూర్చున్నాడు. సన్నగా ఉండేవాడు. పేరు కూడా అడగలేదు మనం."

"మా మాస్టారండి," అన్నాడు భానోజీ. ఆ మాట అంటున్నప్పుడు అతని గుండె ఉప్పొంగింది. తన పేరు అచ్చులో చూసుకున్నా అంత ఉప్పొంగేది కాదు.

కాసేపటికి కొండలరావు గారికి అసలు పని గుర్తొచ్చింది. "మరి నీ గీతల లోగో? అదీ బాగానే ఉందయ్యా. తేలేదా?"

"తెచ్చానండి." భానోజీ సంచిలో చెయ్యి పెట్టి, మళ్లీ తీసేశాడు. "దానికింకా ఈత రాదండి."

సుభాషిణి గారు కాకినాడనుంచి తెచ్చుకున్న కాజాల పెట్టె విప్పకుండానే అతని చేతిలో పెట్టారు. మాస్టారికి ఇమ్మన్నారు. మేమిద్దరం సాయంత్రం వచ్చి కలుస్తామన్నారు. ఆవిడ 'మేమిద్దరం' అన్నప్పుడు కొండలరావు గారు తల ఊపారు.

భానోజీ మెట్లన్నీ పరుగున ఎక్కాడు. మాస్టారు నేలమీద ఎవరికో కొత్త బొమ్మ కోసం పిక్కలు పేరుస్తున్నారు. కాజాల పెట్టె చూడగానే, ఒంట్లో చక్కెర ఉందని డాక్టరు తీపి వద్దన్న సంగతి కూడా ఆయనకు గుర్తు రాలేదు. ఒకటి తీసుకుని కొరికారు. పాకం మణికట్టుదాకా కారింది.

"చూశారండి మాస్టారూ! వాళ్లంతట వాళ్లే చూశారు." భానోజీకి ఆయాసం తగ్గలేదు. "ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇన్నేళ్లు ఎవరూ చూడనిది, ఈవేళ చూశారండి."

మాస్టారు కాజా పూర్తిగా తిన్నారు. వేళ్లు ఒక్కొక్కటిగా తుడుచుకున్నారు.

"చూడనప్పుడు మునిగిందేటిరా?" అన్నారు.